పదకొండు సెకన్లు

ఫ్యాక్టరీల్లో ఆమెను అందరూ కథలమ్మ అంటారు. వెనకాల అనడమే కాదు, మొహం మీద కూడా అంటారు. అనరా మరి? ఆవిడ చేసే పనే అది. పైపులు వంచేవాళ్లూ, రేకులు కోసేవాళ్లూ, బోల్టులు చేసేవాళ్లూ తమ గురించి నాలుగు ముక్కలు పత్రికల్లో పడాలని తహతహలాడిపోతారు. పడితే కొత్త ఆర్డర్లు వస్తాయని ఆశ. పత్రికల వాళ్లకేమో రోజుకు వంద ఉత్తరాలు. రేకుల కథ చదివే ఓపిక ఎవరికుంది? మధ్యలో కథలమ్మ. ఫలానా ఫ్యాక్టరీలో ఫలానా విశేషం జరుగుతోంది, మీ పాఠకులకు పనికొస్తుంది, వేసుకోండి అని ఎడిటర్ల చెవిన వేయడం ఆమె వృత్తి. ఆ లోకంలో దాన్ని పిచ్ అంటారు. ఇంట్లో కిటికీ పక్కన ఒక బల్ల వేసుకుని, పదిహేడేళ్లుగా ఒక్కతే ఆ పని చేసుకొస్తోంది. రేకు వంచడంలో కూడా జనం నోరు తెరుచుకుని వినే సంగతి ఒకటి ఉంటుందని ఆమె నమ్మకం. నవ్వకండి, నిజంగానే ఉంటుంది.

ఆ రోజు పొద్దున పదింటికి ఫోన్ మోగింది. ప్రెస్సు ఫ్యాక్టరీ మేనేజరు.

"కథలమ్మగారూ, ఒక చిన్న పని పడింది. సాయంత్రం నాలుగింటిలోపు నాకో ప్రకటన కావాలి. ఒక్క పేజీ చాలు. వ్యాపార పత్రిక వాడొకడు ప్రమాదం సంగతి పట్టుకున్నాడు. ఫ్యాక్టరీల తనిఖీ ఆఫీసుకి కూడా అదే కాగితం ఇచ్చేస్తాను."

"ఏమని రాయాలి సార్?"

"ఉన్నదే రాయండి. ఆపరేటరు తన చేతుల్తో తనే జాలీ ఊడదీశాడు, స్విచ్చికి టేపు చుట్టాడు. కంపెనీ ఎంతో విచారిస్తోంది. మాకు కార్మికుల రక్షణే ముఖ్యం. అంతే." గొంతు తగ్గించాడు. "మీకు కష్టంగానే ఉంటుంది, నాకు తెలీదా? కానీ అబ్బాయే ఒప్పుకున్నాడు కదండీ. తనిఖీ ఆయన ముందు తన నోటితో తనే చెప్పాడు."

ఆ అబ్బాయి ఆమె సొంత తమ్ముడు. తమ్ముడి తప్పు అక్కచేత రాయించాలనుకున్న మనిషికి ఎంత గుండె ఉండాలో మీరే చెప్పండి. పైగా అందులో అతని లెక్క అతనికుంది. పదిహేడేళ్లలో కథలమ్మ పంపిన కాగితంలో అబద్ధం దొరికిందని ఏ ఎడిటరూ అనలేదు. ఆమె పంపితే నమ్ముతారు. సొంత అక్కే రాసిందంటే ఇక నోరెత్తేదెవరు?

"సరే సార్" అంది కథలమ్మ. ఫోన్ పెట్టేశాక, సరే అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. పదిహేడేళ్లుగా నోటికి అలవాటైపోయిన మాట అది.

ఆ వాక్యం కాగితం మీద పడిందంటే తమ్ముడి పని అయిపోయినట్టే. నష్టపరిహారం రాదు, ఉద్యోగం ఉండదు, ఇంకో ఫ్యాక్టరీ గుమ్మం తొక్కనివ్వరు. ఇరవై రెండేళ్లు ప్రెస్సు మీద పనిచేసి ఒంటి మీద గీత పడనివ్వని మనిషి, ఒళ్లు తెలీకుండా పనిచేసి చెయ్యి పోగొట్టుకున్నవాడిగా మిగిలిపోతాడు. ఇంతా చేస్తే అందులో ఇంకో చిక్కుంది. ఆ వాక్యం అబద్ధం కాదు. జాలీ ఊడదీసింది తమ్ముడే. ఊడదీయమన్నది మాత్రం కథలమ్మ.

ఆ సంగతి చెప్పాలంటే ముందు ప్రెస్సు అంటే ఏమిటో చెప్పాలి. రెండు ముక్కల్లో చెప్తాను, విసుక్కోకండి. మనిషికి రెండింతల ఎత్తున్న ఇనప మిషను అది. కింద డై అనే అచ్చు ఉంటుంది. దాని మీద రేకు ముక్క పెట్టి, కాలి దగ్గరున్న పెడల్ తొక్కితే, పైనున్న దిమ్మ దభీమని దిగి రేకును అచ్చులోకి వంచి మళ్లీ లేస్తుంది. ఆ దిమ్మకు రేకూ ఒకటే, చెయ్యీ ఒకటే. అందుకని ముందు వైపు ఇనప జాలీ తలుపు బిగిస్తారు. జాలీ తెరిచి రేకు పెట్టాలి, మూసి పెడల్ తొక్కాలి, మళ్లీ తెరిచి తయారైన ముక్క తీసుకోవాలి. మూయకపోతే మిషను కదలకుండా ఒక స్విచ్చి ఉంటుంది. తెరవడానికీ మూయడానికీ కలిపి ఐదు సెకన్లు పడుతుంది.

తొమ్మిది నెలల కిందట తమ్ముడికి ఒక ఆలోచన తట్టింది. మోటారు కింద బిగించే బ్రాకెట్టు అంతకుముందు మూడు దెబ్బల్లో తయారయ్యేది, మూడు డైలు మార్చి. డైని ఇలా మలిస్తే ఒక్క దెబ్బలో అయిపోతుందని అతను సిగరెట్ పెట్టె మీద బొమ్మ గీసి చూపించాడు. డైలు చేసే టూల్ రూమ్ వాళ్లు ముందు నవ్వారు, తరవాత చేసి చూశారు, అయింది. కథలమ్మ పొంగిపోయింది. ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్ల తెలివి గురించి రాసింది, ఇప్పుడు ఇంట్లోవాడి తెలివి గురించి రాయొచ్చు. ఆ రాత్రే పిచ్ రాసి రేకుల పరిశ్రమ పత్రిక ఎడిటరుకు పంపింది, జతగా ఒక ఫోటో.

ఆ ఎడిటరుకు ఆమె పెట్టుకున్న పేరు అంకెలాయన. పిచ్‌లో అంకె లేకపోతే చెత్తబుట్టే. "విశేషణాలు మీ దగ్గరే ఉంచుకోండమ్మా, నాకు అంకె పంపండి" అంటాడు. మర్నాడే ఆయన జవాబు వచ్చింది. "ఒక్క దెబ్బ బాగుంది. ఎన్ని సెకన్లో రాయలేదు. ఫోటో కోళ్ల గూడులా ఉంది. జాలీ తప్ప ఏమీ కనబడటం లేదు. డై కనబడేలా ఇంకోటి తీసి పంపండి."

కథలమ్మ కెమెరా భుజాన వేసుకుని ఫ్యాక్టరీకి వెళ్లింది. ప్రెస్సుల షాపులో ఆరు మిషన్లు ఒకే వరసలో ఉంటాయి. నేలంతా నూనె, చెవులు చిల్లులు పడే మోత. మూడో మిషను తమ్ముడిది.

"అయ్యో, ఆ గోళ్లేంట్రా! నిండా గ్రీజే. ఫోటోలో చేతులు పడతాయి, పోయి కడుక్కునిరా" అంది.

"పెళ్లికొడుకుని చేస్తున్నావేంటక్కా" అన్నాడు కానీ, వెళ్లి సబ్బు పెట్టి, పాత బ్రష్షుతో తోముకుని మరీ వచ్చాడు.

ఆమె మూడు వైపుల నుంచి చూసింది. ఏ వైపు నుంచి చూసినా జాలీయే. వెలుతురంతా దాని మీద పడి మెరుస్తోంది, వెనక డై చీకట్లో ఉంది.

"ఒరేయ్, ఈ జాలీ ఒక్క నిమిషం తీసెయ్యరా."

"తీస్తే మిషను నడవదక్కా."

"నడవకపోతే ఎలారా? పనిచేస్తున్నట్టు కనబడాలి కదా."

తమ్ముడు తల గోక్కుని, చూడ్డానికి వచ్చి నిలబడ్డ మేనేజరు వైపు చూశాడు. "ఫోటోకే కదా, కానివ్వు" అన్నాడు మేనేజరు. తమ్ముడు స్పానరు తెచ్చి నాలుగు బోల్టులు విప్పాడు. జాలీని ఎత్తి గోడకు ఆనించాడు. జాలీ మూసే ఉందని మిషను అనుకునేలా స్విచ్చిని నొక్కిపెట్టి నల్ల టేపు చుట్టాడు. ఇరవై బ్రాకెట్లు వరసగా కొట్టాడు. చెయ్యి లోపలికి, చెయ్యి బయటికి, కాలు కిందికి. చూడముచ్చటగా ఉంది. ఆ చేతుల్లో తొందర లేదు, తడబాటు లేదు. ఆమె ఫోటోలు తీస్తూనే ఉంది. మేనేజరు గడియారం చూసుకుంటున్నవాడల్లా ఒక్కసారి కేకేశాడు.

"పదకొండు! పదకొండు సెకన్లకో ముక్క!"

ఆమె పుస్తకంలో పదకొండు అని రాసుకుంది. రాసుకుంటూ అడిగింది కూడా, "జాలీ ఉంటే పదహారు కదా సార్?" అని. "చెయ్యి తిరిగితే జాలీతోనే పదకొండుకు వచ్చేస్తుంది లెండి, నెల తిరక్కుండా" అన్నాడతను. రాదని ఆమెకు తెలుసు. తెలీదని ఆమె తరఫున నేను అబద్ధమాడను. కానీ అంకెలాయన అంకె అడిగాడు, పదహారు కంటే పదకొండు కంటికి బాగుంది, కథ తన తమ్ముడిది. ఆవిడ మనసు ఆ మూడింటి మీదే ఉంది.

కథ పడింది. సగం పేజీ ఫోటో, పైన లావుపాటి అక్షరాల్లో 'పదకొండు సెకన్లకో బ్రాకెట్టు'. ఫోటోలో తమ్ముడి మొహం లేదు, కత్తిరించేశారు. పేరూ లేదు, 'షాపు బృందం' అని రాశారు. మణికట్ల దాకా రెండు చేతులు మాత్రం పడ్డాయి, డై మీద రేకు పెడుతూ. అమ్మ ఆ పేజీ కత్తిరించి, అన్నం మెతుకులతో బీరువా తలుపుకు అతికించింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ వేలుపెట్టి చూపించేది. "మా వాడి చేతులు. అచ్చులో పడ్డాయి."

ఆ తరవాత జరిగింది ఎవరూ ఊహించలేనిదేం కాదు. బ్రాకెట్లు కొనే కంపెనీ వాళ్లు పత్రిక పట్టుకుని వచ్చారు. పదకొండు సెకన్లయితే రోజుకు ఇన్ని ఇవ్వగలరు కదా అన్నారు. మేనేజరు ఇవ్వగలం అన్నాడు. గోడకు ఆనించిన జాలీ గోడకే ఉండిపోయింది. నెల తిరిగేసరికి దాని పక్కన ఇంకో ఐదు చేరాయి. రెండు నెలల తరవాత కథలమ్మకు మేనేజరు నుంచి ఒక సందేశం వచ్చింది. "మీ పదకొండు మాకు బాగా కలిసొచ్చింది. ఇప్పుడు ఆరు ప్రెస్సులూ పదకొండు మీదే నడుపుతున్నాం. దీన్ని ఇంకో కథగా వేయించండి." ఆమె ఎలా నడుపుతున్నారని అడగలేదు. 'ఆరు ప్రెస్సులు, ఒకే అంకె' అని పిచ్ రాసి నలుగురికి పంపింది. ఎవరూ వేసుకోలేదు. వేసుకోలేదని ఆవిడ రెండు రోజులు మొహం మాడ్చుకుని కూచుంది కూడా.

ఫోన్ వచ్చిన రోజుకి పన్నెండు రోజుల ముందు, మధ్యాహ్నం రెండింటికి, డై మీద ఒక రేకు పక్కకు జరిగింది. సరిచేద్దామని తమ్ముడు చెయ్యి లోపల పెట్టాడు. కాలు మాత్రం అలవాటు చొప్పున తన లెక్కలో తను తొక్కేసింది. కుడి చేతికి బొటనవేలు తప్ప నాలుగు వేళ్లూ పోయాయి.

సరే, మళ్లీ ఆ పొద్దుటికి వద్దాం. కథలమ్మ కాగితం ముట్టుకోకుండా ఆసుపత్రికి పరిగెత్తింది. వార్డులో తమ్ముడు మంచం మీద కూచుని ఎడమచేత్తో గంజి తాగుతున్నాడు. సగం గిన్నెలో, సగం చొక్కా మీద. కుడిచేతి కట్టు దిండంత ఉంది.

"తనిఖీ ఆయనతో ఏం చెప్పావురా?"

"అడిగింది చెప్పాను. జాలీ ఎవరు తీశారన్నారు, నేనే అన్నాను. స్విచ్చికి టేపు ఎవరు చుట్టారన్నారు, నేనే అన్నాను. అబద్ధం కాదుగా?"

"తీయమన్నది ఎవరో చెప్పావా?"

"అది ఆయన అడగలేదు."

"అడక్కపోతే చెప్పవా? మిగతా ఐదింటికీ జాలీలు లేవని చెప్పావా పోనీ?"

తమ్ముడు గిన్నె పక్కన పెట్టాడు. "ఇప్పుడున్నాయిలే. నాకు దెబ్బ తగిలిన మర్నాడే ఆరింటికీ ఎక్కించేశారంట. పచ్చరంగు కూడా వేశారంట, రాత్రికి రాత్రి. పక్క మిషనువాడు వచ్చి చెప్పాడు."

"ఒరేయ్, నీకు బుర్ర ఉందా అసలు? నీ తప్పే అని కాగితం మీద పడబోతోంది. పడితే ఏమవుతుందో తెలుసా?"

"నోరు మూసుకుని ఉంటే గేటు దగ్గర కుర్చీ పని ఇస్తామన్నారు."

"ఇస్తారు, ఇస్తారు! తప్పు నీదని తేలాక గేటు కాదు కదా, గేటు బయట రోడ్డు మీద కూడా నిలబడనివ్వరు."

పక్క మంచం మీద ముసలాయన అటు తిరిగి పడుకున్నాడు. తమ్ముడు గొంతు తగ్గించాడు.

"నెమ్మదిగా మాట్లాడక్కా. నేను బాగా ఆలోచించే చెప్పాను. నా చెయ్యి ఎలాగూ పోయింది. నువ్వు చెప్పావని బయటికొస్తే నీ పని కూడా పోతుంది. ఫోటో కోసం జాలీ పీకించిన మనిషిని ఏ ఫ్యాక్టరీ లోపలికి రానిస్తుంది? ఇద్దరం ఇంట్లో కూచుంటే అమ్మకు ఎవరు పెడతారు? చెప్పు."

కథలమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. పన్నెండు రోజులుగా రోజూ వచ్చి పండ్లు ఒలిచి పెట్టి వెళ్తోంది. ఒక్కరోజు కూడా, నేనే కదరా తీయమన్నాను అని అనలేదు. వాడు అంటాడేమోనని బిక్కుబిక్కుమంటూ కూచునేది. వాడు అనలేదు. అనకుండా ఉండటం వెనక ఇంత ఉందని ఆమెకు ఇవాళే తెలిసింది.

"నేనేరా నీ చెయ్యి తీసింది" అంది చివరికి.

"ఛీ, ఊరుకో. పిచ్చిమాటలు" అన్నాడు తమ్ముడు. "ఇంటికి వెళ్లు. అమ్మ మందులు వేసుకుందో లేదో చూడు."

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట దాటింది. అమ్మ బీరువా ముందు కుర్చీ వేసుకుని బట్టలు మడతపెడుతోంది. బీరువా తలుపు మీద ఆ పేజీ అలాగే ఉంది. ప్రమాదం జరిగిన రోజునే చింపేయబోతే అమ్మ ఒప్పుకోలేదు.

కథలమ్మ నేల మీద కూలబడి మొత్తం చెప్పేసింది. కోళ్ల గూడు ఫోటో, గోళ్లు కడుక్కోమనడం, నాలుగు బోల్టులు, పదకొండు, ఆరు ప్రెస్సులు, వాడు నోరు మూసుకున్నది ఎందుకో, సాయంత్రం నాలుగింటికి ఏం రాసివ్వాలో. అమ్మ ఒక చొక్కా మడత విప్పి మళ్లీ మడతపెట్టింది. మళ్లీ విప్పింది.

"నువ్వు చెప్తే వాడు చెయ్యనిదేముంది?" అంది. "చిన్నప్పుడు గోడ దూకరా అన్నావు, దూకాడు. మోకాలు చీరుకుపోయింది. ఎవరు దూకమన్నార్రా అంటే నేనే దూకానన్నాడు."

"అమ్మా, నన్ను తిట్టు."

"తిడతాను. తరవాత తిడతాను, బతికున్నన్నాళ్లూ తిడతాను. ముందు లేచి మొహం కడుక్కుని రాయి."

"ఏం రాయమంటావు?"

"ఇప్పుడు నాకు చెప్పావే, అది. వరసగా."

"రాస్తే మళ్లీ నాకు పని దొరకదమ్మా."

"దొరక్కపోతే ముగ్గురం ఒక్కపూటే తింటాం. వాడిమీద మచ్చ ఉంచి నువ్వు పెట్టిన తిండి నాకు దిగదు."

కథలమ్మ కిటికీ పక్కన కూచుంది. పదిహేడేళ్ల అలవాటు కదా, అంకెతోనే మొదలుపెట్టింది. జాలీ తెరిచి మూయడానికి పట్టే సమయం ఐదు సెకన్లు. జాలీ లేకుండా ప్రెస్సు నడిచిన కాలం ఎనిమిది నెలలు. జాలీ లేని ప్రెస్సులు ఆరు. పోయిన వేళ్లు నాలుగు. ఆ తరవాత రాసింది, "ఫోటో కోసం జాలీ తీయమని ఆపరేటరుకు చెప్పింది నేను. కానివ్వమన్నది మేనేజరు. ఫోటో అయ్యాక దాన్ని మళ్లీ బిగించారా అని నేను అడగలేదు." ఈ చివరి వాక్యాన్ని కొట్టేసింది, మళ్లీ రాసింది.

జతగా మూడు పెట్టింది. ఫోటో డై కనబడేలా ఉండాలన్న అంకెలాయన జవాబు. పత్రికలో కత్తిరించక ముందరి పూర్తి ఫోటో. అందులో గోడకు ఆనించిన జాలీ ఉంది, గడియారం చూసుకుంటున్న మేనేజరూ ఉన్నాడు. మూడోది, ఆరు ప్రెస్సులూ పదకొండు మీదే నడుపుతున్నామని మేనేజరు గర్వంగా పంపిన సందేశం. నాలుగు కావడానికి పది నిమిషాలుండగా తనిఖీ ఆఫీసుకూ, వ్యాపార పత్రిక విలేకరికీ, అంకెలాయనకూ, జాబితాలో ఉన్న మరో నలభై ముగ్గురు ఎడిటర్లకూ పంపేసింది. ఒక ప్రతి మేనేజరుకు.

మొదటి ఫోన్ మేనేజరుదే. అరవలేదు. "చాలా సంతోషమండీ" అన్నాడు. "ఇన్నాళ్లూ ఆపరేటరు ఒక్కడిదే తప్పనుకున్నాం. బయటి మనిషి వచ్చి తీయించిందని ఇప్పుడు మీరే రాసిచ్చారు. మా లాయరుకు సగం పని తగ్గించారు." ఇంత ఆలోచించి రాసినా ఆ దారి ఒకటుందని ఆమెకు తోచలేదు.

రెండో ఫోన్ వ్యాపార పత్రిక విలేకరిది.

"ఎవరైనా చనిపోయారా అండీ?"

"లేదు."

"వేళ్లేనా?"

"నాలుగు."

"అలాగా. చూస్తానండీ" అన్నాడు. ఆ 'చూస్తానండీ'కి అర్థం పదిహేడేళ్లు ఆ మాట విన్న మనిషికి ఇంకొకరు చెప్పక్కర్లేదు. నలభై ముగ్గురిలో ఇద్దరు సానుభూతి తెలిపారు. ఒకరు తమ చిరునామా జాబితాలోంచి తీసేయమన్నారు. అంకెలాయన నుంచి చప్పుడే లేదు.

తనిఖీ ఆఫీసు వాళ్లు మాత్రం మూడు వారాలకు కదిలారు. లాయరు బయటి మనిషి, బయటి మనిషి అని ఎంత మొత్తుకున్నా, ఫోటో తీసింది ఒక్కరోజే కదా, ఆరు మిషన్లు అన్ని నెలలు ఎలా నడిచాయి అని అడిగాడట ఆ అధికారి. పచ్చరంగు వేసిన జాలీ మూయించి, వాళ్ల ఆపరేటరుచేతనే వంద బ్రాకెట్లు కొట్టించి, గడియారం పట్టుకుని పక్కనే నిలబడ్డాడట. పదహారు కంటే తగ్గలేదు. జాలీ లేకుండా నడపడం షాపు పద్ధతి అనీ, ఆపరేటరుది తప్పు కాదనీ రాసిచ్చాడు. తమ్ముడికి రావలసింది వస్తుంది. మేనేజరును ఇంకో ఫ్యాక్టరీకి మార్చారు, కాస్త పెద్దదానికే.

కథలమ్మకు పనిచ్చే పదకొండు ఫ్యాక్టరీల వాళ్లూ ఒకరి తరవాత ఒకరు ఫోన్ చేశారు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. ప్రస్తుతానికి అవసరం లేదన్నారు. అమ్మ మాట తప్పలేదు, రోజూ ఏదో ఒక వంకన తిట్టింది. తమ్ముడు ఇంటికొచ్చాడు గానీ అక్కతో మాట్లాడటం మానేశాడు. ఆసుపత్రిలో అంత ఓర్పుగా ఉన్నవాడు ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకునేవాడు. "నేను ఇన్నాళ్లు నోరు కుట్టుకున్నది దేనికి? ఇప్పుడు ఇద్దరం కూచున్నాం కదా, సంతోషమా?" అని ఒక్కసారి మాత్రం అరిచాడు. అరిచి, ఎడమచేత్తో చొక్కా గుండీ పెట్టుకోబోయి, రాక, వదిలేశాడు.

రెండు నెలలకు రేకుల పత్రిక కొత్త సంచిక టపాలో వచ్చింది. ఉచితంగా పంపే జాబితాలోంచి ఆమె పేరు తీసేయడం ఎవరికీ గుర్తురాలేదు. కథలమ్మ పేజీలన్నీ తిప్పింది. ఆఖరి పేజీలో, ప్రెస్సుల ప్రకటన కింద, చీమ తలకాయంత అక్షరాల్లో రెండు వాక్యాలున్నాయి. 'గతంలో ప్రచురించిన ఒక వ్యాసంలో బ్రాకెట్టు తయారీకి పట్టే సమయం పదకొండు సెకన్లని పడింది. దానిని పదహారు సెకన్లని చదువుకోగలరు.'

ఆమె పంపిన రెండు పేజీల్లోంచి అచ్చయింది అదొక్కటే. అంకెలాయన అంకె సరిచేశాడు.

"ఏంటది?" అన్నాడు తమ్ముడు మంచం మీంచి. చాలా రోజులకు ఆమెతో అన్న మొదటి మాట. ఆమె పత్రిక తీసుకెళ్లి ఇచ్చింది. అతను చదివాడు. మళ్లీ చదివాడు.

"ఇంతేనా?"

"ఇంతేరా."

"నా వేళ్ల సంగతి లేదే."

"లేదు."

అమ్మ కత్తెర పట్టుకొచ్చింది. ఎవరూ అడగకుండానే ఆ రెండు వాక్యాలూ కత్తిరించి, బీరువా తలుపు మీద పాత పేజీ కింద అతికించింది.

"ఎందుకమ్మా అది?" అంది కథలమ్మ విసుగ్గా.

"ఎవరైనా చూస్తే సరిగ్గా తెలియాలి కదే" అంది అమ్మ. మెతుకు అంటిన వేలు తుడుచుకుని, "పైది మాత్రం తీయను. వాడి చెయ్యి మనకు అక్కడే ఉంది" అంది.

తమ్ముడు లేచి బీరువా దగ్గరికి వచ్చాడు. కట్టు విప్పేశారు, కుడిచెయ్యి జేబులో పెట్టుకునే తిరుగుతున్నాడు. ఎడమ చూపుడువేలు ఫోటో మీద పెట్టి, అందులో రేకు పట్టుకున్న వేళ్లను ఒక్కొక్కటే తడిమాడు.

"గోళ్లు శుభ్రంగానే పడ్డాయక్కా" అన్నాడు.

కథలమ్మ నోరు నొక్కుకుని అక్కడే నేల మీద కూచుండిపోయింది. అమ్మ ఆమెను తిట్టలేదు ఆ రోజు. తమ్ముడు వెళ్లి మంచం మీద పడుకున్నాడు, ఈసారి గోడ వైపు తిరగకుండా.